వెలుగు వాకిళ్లు తెరిచిన రోజు

సిగరెట్ నోట్లో పెట్టుకునే వ్యవధి కూడా తౌఫీక్‌కు దక్కలేదు.

బాగ్దాద్ స్టేషన్ రెస్టారెంటులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని వెండి సిగరెట్ పెట్టె మీటను బొటనవేలితో నొక్కాడు. చిన్నగా టిక్కుమంది. వేలి కొసన ఆవగింజంత ఎర్రచుక్క. టీ తెచ్చిన సర్వరుతో ఏదో అనబోయి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. కళ్లు మాత్రం చాలాసేపు అటూ ఇటూ తిరిగాయట. ఆ తర్వాత అవీ ఆగాయి.

మర్నాడు పొద్దున్నే కర్నల్ షవ్కత్ ఆ పెట్టెను పటకారుతో తీసి బల్ల మీద పెట్టాడు.

"మీటలో స్ప్రింగు. స్ప్రింగు చివర వెంట్రుకంత సూది. సూదికి విషం. తౌఫీక్ మన మనిషి, ఎవరో వాడికి దీన్ని కానుకగా ఇచ్చారు. ట్రయల్ వేసి చూసుకున్నారన్నమాట."

ఎదురుగా నిలబడ్డ కాప్టెన్ సామీ వంగి చూశాడు. వెండి మీద నల్లటి చిత్రపు పని. నది, పడవ, ఒడ్డున ఖర్జూరం చెట్టు.

"ఈ పని ఎవరిది?" అన్నాడు కర్నల్.

"సుబ్బీలది సార్. నది మునకల మతంవాళ్లు, అమారా కంసాలులు."

"అంటే, నీవాళ్లది."

సామీ డిపార్ట్‌మెంటులో చేరాక వంటవాడి వేషం వేశాడు, తివాచీల వ్యాపారి వేషం వేశాడు, ఓసారి గుడ్డి ముల్లా వేషం కూడా వేశాడు. వెయ్యనిదల్లా తన వేషమే. తల్లి పోయిన ఏడే తండ్రి అతన్ని బాగ్దాద్ తీసుకొచ్చేశాడు. గడ్డం తీసేశాడు, నది మునకలు మానేశాడు, ఇంట్లో ఆ మాటెత్తనివ్వలేదు. అతను సుబ్బీ అని తెలిసినవాళ్లు ఈ ఆఫీసులో ఎవరూ లేరనుకున్నాడు ఇన్నాళ్లూ.

"పొరుగుదేశం మంత్రి నదీజలాల ఒప్పందానికి అమారా వస్తున్నాడు," కర్నల్ చెప్పుకుపోయాడు. "గవర్నర్ ఆయనకో వెండి సిగరెట్ పెట్టె బహూకరిస్తాడు. మన గడ్డ మీద మన గవర్నర్ ఇచ్చిన పెట్టె తెరిచి ఆయన అక్కడికక్కడే పోతే?"

"యుద్ధం సార్."

"రెండువైపులా తుపాకులు అమ్ముకునే ముఠాకు కావలసింది అదే."

"కానుక ఆపించెయ్యండి."

"గవర్నర్‌గారి మామ నా పై అధికారి. ఆధారం లేకుండా నోరెత్తితే ముందు నా కుర్చీ పోతుంది. ఆధారం నువ్వు తేవాలి. అక్కడ వాళ్ల అయిదు రోజుల పన్జా పండుగ జరుగుతోంది. బస్రా నుంచి వచ్చిన చుట్టంలా కంసాలి జహ్రూన్ ఇంట్లో దిగు. తల్లి పేరు షరత్ అని చెప్పు."

"మా అమ్మ పేరు..."

"నీ అసలు ఫైలు ముఠా చేతిలో ఉండొచ్చు. షరత్. అక్కడ మనకో మనిషి ఉంది. మదాం ఇర్మా. స్టీమర్ కాప్టెన్ విధవ, వెండి సామాను కొంటుంది. ముఠాలో చేరి మనకు వార్తలందిస్తోంది. 'ఈ ఏడు నది బాగా ఎర్రబడింది' అంటుంది. 'పైన కొండలు కరిగుంటాయి' అను."

తర్వాత ఓ చేతి గడియారం ఇచ్చాడు. కీ పైకి లాగితే వైర్‌లెస్. చొక్కా గుండీలో కెమెరా.

"గడియారం తియ్యకు. నీకూ మాకూ మధ్య ఉన్న తాడు అదొక్కటే."

*

అమారాలో టైగ్రిస్ వసంతపు వరదతో ఒడ్డు కోస్తోంది. ఒడ్డంతా తెల్లబట్టలు. పన్జా రోజుల్లో సుబ్బీలకు ఇల్లన్నా నీళ్లే, గుడన్నా నీళ్లే. అంగళ్లు కట్టేసి, పిల్లాపాపలతో వచ్చి, తమ పూజారి షేఖ్ చేతిమీద నదిలో మునక తీసుకుంటారు.

జహ్రూన్ నెమ్మదస్తుడు. పెద్దగా మాట్లాడడు. ఆ లోటు అతని అక్క మమానియా తీర్చేది. బతికున్నవాళ్లనీ చచ్చినవాళ్లనీ ఒకే గొంతుతో కేకలేసే ముసలామె.

"బస్రా షరత్ కొడుకువా? ఏ షరత్? మెల్లకన్ను షరతా, మొగుణ్ణి కొట్టిన షరతా?"

"మెల్లకన్ను, పెద్దమ్మా," అన్నాడు సామీ.

"పాపం. కన్ను నీకు రాలేదులే. కూర్చో. మీగడ తిను. కడుపు ఎండిపోయినట్టుంది."

వేషం పూర్తి కావాలంటే మునక తీసుకోవాలి. సామీ షేఖ్ అనూష్ దగ్గరికి వెళ్లాడు. ఆయన గడ్డం బొడ్డు దాకా ఉంది.

"నీ మల్వాషా చెప్పు నాయనా," అన్నాడు షేఖ్. "ఊళ్లో పిలిచే పేరు కాదు. పుట్టినప్పుడు షేఖ్ పెట్టిన పేరు. తల్లి పేరుతో కలిపి."

"గుర్తులేదండీ."

పక్కనున్న మమానియా రెండు చేతులూ ఎత్తేసింది. "అసలు పేరే మరిచావా! రేపు పైన చెక్‌పోస్టుల దగ్గర ఏం చెప్తావురా?"

షేఖ్ నవ్వాడు. "ఈవిడ అన్నది నిజమే. ఈ లోకం మహాజీవం, అంటే మన దేవుడు, కట్టింది కాదు నాయనా. ప్తాహీల్ అని ఓ మేస్త్రి, పని సగమే వచ్చినవాడు, తొందరపడి కట్టాడు. అందుకే ఎక్కడ చూసినా పగుళ్లే. మట్టితో ఆదామును కూడా చేశాడు. చేశాడు గానీ లేపి నిలబెట్టలేకపోయాడు. బొమ్మ పడుకునే ఉంది. కళ్లున్నాయి, చూపు లేదు. వెలుగు లోకం నుంచి ప్రాణాన్ని తెచ్చి లోపల పెడితే అప్పుడు లేచాడు. ఆ ప్రాణం మనం. పరాయి దేశంలో చిక్కుకుపోయినవాళ్లం. ఎవరో వచ్చి మన పేరు పెట్టి పిలిస్తే తప్ప ఎక్కడివాళ్లమో గుర్తురాదు. పోయేటప్పుడు ఏడు గ్రహాలూ దారిలో కాపలా కూర్చుంటాయి. ప్రతివాడూ పేరడుగుతాడు. చెప్పగలిగినవాణ్ణి వదులుతాడు, లేనివాణ్ణి ఆపేస్తాడు."

దొంగ పాస్‌పోర్టులతో ఎన్నో సరిహద్దులు దాటినవాడు సామీ. ఈ సరిహద్దు దగ్గర మాత్రం ఏ కాగితమూ పనిచేయదన్నమాట. లోపల నవ్వుకోబోయాడు. నవ్వు రాలేదు. అమ్మ తనను ఏదో పేరుతో పిలిచేది, తల తుడుస్తూ, చెవిలో. ఆ గొంతు జ్ఞాపకముంది. మాట లేదు.

"పేరు లేనిదే ముంచలేను," అన్నాడు షేఖ్. "ఆలోచించుకో. పండుగ ఇంకా ఉంది."

*

గవర్నర్ పెట్టె కోసం ఒక్క పూట తెరిచిన జహ్రూన్ అంగట్లోనే మదాం ఇర్మా కనిపించింది. నల్ల కళ్లద్దాలు, నిమ్మపండు రంగు గౌను, మోచేతి దాకా తెల్ల గ్లౌజులు. ఆవిడ లోపలికి వస్తే బజారు బజారంతా ఏదో కొనే పనుందని ఆ వీధికే వచ్చింది.

"గవర్నర్‌గారి పెట్టె ఎంత అందంగా చేశావు ఉస్తా!" అంది జహ్రూన్‌తో. "లోపల మఖ్మల్ కూడా వేస్తే మంత్రిగారు మురిసిపోతారు. నేను వేయించి రేపు పొద్దున్నే ఇస్తాను."

మురిసిపోవడం జహ్రూన్ వంతైంది. పెట్టెను గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు.

గుమ్మంలో సామీ పక్కన ఆగి నది వైపు చూసింది. "ఈ ఏడు నది బాగా ఎర్రబడింది."

"పైన కొండలు కరిగుంటాయి," అన్నాడు సామీ.

ఇద్దరూ ఖర్జూరం తోట వైపు నడిచారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని సామీ గొంతు తగ్గించాడు. "సూది ఎవరు అమరుస్తారు? పేరు చెప్పండి. సాయంత్రంలోగా ముఠాను మూసేస్తాం."

"చెప్తాను. ముందు నా సిగరెట్ వెలిగించండి."

అతను అగ్గిపుల్ల గీసి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో ఆప్యాయంగా పట్టుకుంది. గ్లౌజు మీది ఉంగరం కింద చీమ కుట్టినట్టైంది.

"క్షమించండి కాప్టెన్," అంది. "మీ కర్నల్ దగ్గరా జీతం తీసుకుంటున్నాను, వాళ్ల దగ్గరా తీసుకుంటున్నాను. కానీ మా తమ్ముడు వాళ్ల చెరలో ఉన్నాడు. సూది అమర్చేది నేనే."

సామీ గడియారం కీ వైపు చెయ్యి జరిపాననుకున్నాడు. జరగలేదు. కాళ్లు జారిపోయాయి. వెల్లకిలా పడ్డాడు. ఖర్జూరపు మట్టల మధ్య ఆకాశం కనిపిస్తోంది. రెప్ప వేద్దామంటే రెప్ప పడలేదు.

ఇర్మా గట్టిగా కేక పెట్టింది. "ఎవరక్కడ! ఈయన పడిపోయారు! రండి!"

*

అన్నీ వినిపిస్తున్నాయి. అన్నీ కనిపిస్తున్నాయి. అదే నరకం.

సర్కారీ డాక్టరు వచ్చి నాడి పట్టుకుని, కళ్లలోకి చూసి, "తిన్న చేప పడలేదు. తెల్లారేదాకా ఉంటే గొప్ప," అన్నాడు. మంత్రిగారి స్వాగతానికి కోటు ఇస్త్రీ చేయించుకోవాలని గబగబా వెళ్లిపోయాడు.

తెల్లారింది. సామీ ఉన్నాడు. ఊపిరి చిల్లు కుండలో నీళ్లలా సన్నగా పోతోంది. నది ఒడ్డున రెల్లు పందిట్లో మంచం వేశారు. అతన్ని చూడటానికి ఊరు ఊరంతా కదిలి వచ్చింది. ఒక్కళ్ల ముఖంలోనూ విచారం లేదు.

"అదృష్టవంతుడు!" అన్నాడు ఒకాయన. "పన్జాలో పోతున్నాడు!"

"ఈ రోజుల్లో వెలుగు వాకిళ్లు బార్లా తెరిచుంటాయి. కాపలావాళ్లు కూడా అడ్డు తప్పుకుంటారు," అంది ఒకావిడ. "మా మామగారు పన్జాలో పోదామని ఎంత ప్రయత్నించాడో. సరిగ్గా పండుగైన మర్నాడు పోయాడు, పాపం."

సామీ లోపల అరుస్తున్నాడు. పెట్టె! ఆ పెట్టె! గొంతులోంచి గాలి కూడా రాలేదు. ఎన్ని తాళాలు తీశాడు జీవితంలో! ఇప్పుడు తన నోటి తాళం తియ్యలేకపోతున్నాడు.

మమానియా బట్టలు మార్చడానికి కూర్చుంది. మామూలు బట్టల్లో పోతే వాడికి దారి దొరకదు. రస్తా అనే తెల్లటి మతపు అంగీ తొడగాలి. కెమెరా గుండీ ఉన్న చొక్కాను మడిచి తల కింద పెట్టింది. గడియారం విప్పింది. వైర్‌లెస్‌లోంచి సన్నగా గరగరమని బాగ్దాద్ పిలుస్తోంది.

"అయ్యో, గడియారానికి జలుబు చేసింది," అంది. "పోయేవాడికి టైముతో పనేంటి?" దాన్ని బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది.

ఇర్మా కూడా వచ్చింది. మంచం పక్కన కూర్చుని రుమాలు కళ్లకు అద్దుకుంది. పని పూర్తైందో లేదో చూసుకోవడానికి వచ్చిందని సామీకి తెలుసు. కానీ ఆ రుమాలు నిజంగానే తడిసింది. అదెందుకో తెలియలేదు.

"ఏయ్ మదాం! ఏడవకు!" మమానియా కసిరింది. "ఒక్కో కన్నీటి చుక్కా వాడి దారిలో ఏరై పారుతుంది. వాడు దాటలేక చావాలి. మా వాళ్లం ఏడవం. నీకంత ఏడుపొస్తే బజారుకి పోయి ఏడు."

అంతలో షేఖ్ అనూష్ వచ్చాడు. మంచాన్ని నీళ్ల అంచు దాకా మోయించాడు. కుండతో నది నీళ్లు ముంచి తల నుంచి పాదాల దాకా పోశాడు. పైకొండల మంచు కరిగిన నీళ్లు. మళ్లీ పోశాడు. మూడోసారి పోసేసరికి సామీ నాలుక కొసన ఏదో చిన్న చలనం.

సిగరెట్ పెట్టె. సిగరెట్ పెట్టె. ఆ ఒక్క మాట.

"సి..." అన్నాడు. "సి... సి..."

షేఖ్ చేతిలో కుండ ఆగింది. "ఏమన్నాడు?"

"చలేస్తోందంటున్నాడు," అంది మమానియా.

"కాదు. ఆగు." షేఖ్ అతని ముఖం మీదికి వంగి, చాలాసేపు తేరిపార చూశాడు. ముసలి కళ్లు నుదుటి మీద, ముక్కు మీద వెతికాయి. "నాయనా, నీ తల్లి షరత్ కాదు కదూ? సి... సిమత్ అంటున్నావా? ఖల్అత్ సాలిహ్ ఊరి సిమతా? ఆవిడ పోయాక పిల్లాణ్ణి బాగ్దాద్ ఎత్తుకుపోయాడే తండ్రి, ఆ పిల్లాడివా?"

కాదు, సిగరెట్, అని సామీ ప్రాణం గింజుకుంది. తీరా చూస్తే అమ్మ పేరు సిమతే. ఫైలు అబద్ధం, వేషం అబద్ధం, నోట్లోంచి పొరపాటున జారిందొక్కటే నిజం. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎవరి దారిలో ఏరవుతాయో!

సరిగ్గా అప్పుడే జహ్రూన్ వచ్చాడు. కొత్త అంగీ తొడుక్కున్నాడు. చేతిలో, పొద్దున్నే ఇర్మా తిరిగిచ్చిన పెట్టె, గుడ్డలో చుట్టి ఉంది. రేవు దగ్గర బ్యాండు మొదలైంది. మంత్రిగారి లాంచీ వంపు తిరిగి కనిపిస్తోంది.

"అక్కా, గవర్నర్ రమ్మంటున్నాడు. వీణ్ణి ఓసారి చూసి పోదామని..."

"వచ్చావుగా, వెండి ఇచ్చి పో," అంది మమానియా, రస్తా అంచు పట్టుకుని. "కుడివైపు కుట్టడానికి నా చెవిపోగు బంగారం తీశాను. ఎడమవైపుకి వెండి పోగు కావాలి. కంసాలి ఇంట్లో పోతున్నవాడు వెండి లేకుండా పోతే రేపు పైన నవ్విపోతారు."

"అంగడి కట్టేశానే అక్కా. సాయంత్రం..."

"సాయంత్రం దాకా ఉంటాడట్రా వీడు? ఆ పెట్టెలో లోపలి తీగ ఓ గోరంత కత్తిరిస్తే ఏం?"

"అది మంత్రిగారిది!"

"మంత్రికి లోపలి తీగ కనబడుతుందిట్రా? పైవాళ్లకి కనబడుతుంది." అని పెట్టెను లాక్కుంది. గుడ్డ విప్పింది. వెండి ఎండలో తళుక్కుమంది. కత్తెర ఒళ్లో పెట్టుకుని, మీట ఎక్కడుందా అని బొటనవేలితో తడిమింది.

సామీ చూస్తున్నాడు. మంత్రి సంగతి మరిచిపోయాడు. యుద్ధం సంగతి మరిచిపోయాడు. మీగడ పెట్టిన ఆ ముడతల వేలు మీట మీదికి పాకుతోంది. లే! లే! అని ఒంటిని బతిమాలాడు. ఒళ్లు అతనిది కానట్టు పడి ఉంది.

"ముట్టుకోకు!" అని అరిచింది ఇర్మా. లేచి నిలబడింది. కళ్లద్దాలు జారిపోయాయి.

"నువ్వు నాకు చెప్తావా?" అంది మమానియా. మీట దొరికింది. వేలు దాని మీద పెట్టింది.

షేఖ్‌కు ఇవేవీ పట్టలేదు. ఆయన సామీ చెవి దగ్గర నోరు పెట్టి, చాలా ఏళ్ల కింద తానే పెట్టిన పేరుతో పిలిచాడు.

"సామ్ యుహానా. సిమత్ కొడుకా. లే నాయనా."

ఆ గొంతులో అమ్మ తల తుడుస్తోంది.

ఎడమ చెయ్యి లేచింది. అతను ఎత్తాడో, అదే లేచిందో! కొరడాలా వచ్చి మమానియా చేతిని కొట్టింది. పెట్టె ఎగిరి గాలిలో ఓ తళుకు తళుక్కుమని, బుడుంగున నదిలో పడింది. వరద దాన్ని ఒక్క గుటకలో మింగేసింది.

రేవు నుంచి బ్యాండు ఒక్కటే వినిపిస్తోంది.

"చచ్చేవాడికి ఇంత బలమా!" అంది మమానియా చెయ్యి రుద్దుకుంటూ.

జహ్రూన్ నీళ్ల వైపు చూస్తూ కూలబడ్డాడు. "ఇప్పుడు గవర్నర్‌కి ఏం చెప్పను? నా చేతుల్లో ఇక ఇంత పని చేసే ఓపిక లేదే అక్కా..."

ఇర్మా కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

*

సామీకి మాట సాయంత్రానికి వచ్చింది. అప్పటికి మదాం ఇర్మా బస్రా స్టీమర్ ఎక్కి చాలాసేపైంది. బస్రాలో ఆవిడ దిగలేదు. దారిలో ఎక్కడ దిగిందో, తమ్ముణ్ణి చేరుకుందో లేదో ఎవరికీ తెలియలేదు.

కర్నల్ షవ్కత్ మర్నాడు జీపులో వచ్చాడు. అంతా విని మంచం చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"పెట్టె?"

"నదిలో సార్."

"సూది?"

"పెట్టెలో."

"ఇర్మా?"

"స్టీమరెక్కింది సార్."

"నీ ఒంట్లోని విషం?"

"డాక్టరు చేప అన్నారు సార్. ఇంకొంచెం పడి ఉంటే పోయేవాణ్ణట." తౌఫీక్‌కు సరిపడా పడింది, తనకు పడలేదు. ఆవిడ చెయ్యి వణికిందో, కావాలనే తగ్గించిందో అతను తేల్చుకోలేకపోయాడు. ఇక ముందూ తేలదు.

కర్నల్ నిట్టూర్చాడు. "నేను నమ్ముతాను. నేను నమ్మితే ఏం లాభం? గవర్నర్ కంప్లయింట్ పెట్టాడు, ప్రభుత్వ కానుకను సుబ్బీలు నదిలో పారేశారని. మన మనిషి పారేశాడని చెప్పలేను. కంసాలి కాదనీ చెప్పలేను. లే, బయల్దేరదాం."

అంటే, ఆ నింద జహ్రూన్ మీదే ఉండిపోతుంది. ఆ ముసలివాడు ప్రాణం పెట్టి చేసిన పని పోయింది, పైగా పేరూ పోయింది. సామీ నోరు ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. అయినా చెప్పడానికి లేదు. నోటికి వేసిన తాళాల్లో ఇది రెండోది, దీనికి నది నీళ్లు కూడా పనిచేయవు.

పన్జా చివరి రోజది. నడుములోతు నీళ్లలో షేఖ్ అనూష్ చేతికర్ర పట్టుకుని, రమ్మన్నట్టు నిలబడి ఉన్నాడు. జీపు హారన్ మోగింది.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు సామీ.

"ఇది ఆర్డర్ కాప్టెన్."

"అవును సార్," అంటూనే మంచం దిగాడు. కాళ్లు నిలబడలేదు. ఓ పక్క జహ్రూన్, ఓ పక్క మమానియా పట్టుకున్నారు. పసివాణ్ణి నడిపించినట్టు నీళ్లలోకి నడిపించారు. జహ్రూన్ అతని ముఖంలోకి చూడలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు. షేఖ్ పేరడిగాడు. అతను చెప్పాడు. ఆ పేరు ఒడ్డున ఉన్న కర్నల్‌కు వినపడలేదు. ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.

నీళ్లలోంచి తేలాక మమానియా అతని తల తుడుస్తూ సణిగింది. "ఇంత మంచి రోజుల్లో పోకుండా బతికావు. ఎవరేం చేస్తారు, నీ రాత."

బాగ్దాద్‌లో రిపోర్టు తయారైంది. అందులో ముఠా లేదు, సూది లేదు, సామీ పేరూ లేదు. కానుక అందని కారణంగా గవర్నర్‌గారు మంత్రిగారికి ఓ బుట్టెడు ఖర్జూరాలు బహూకరించారని, మంత్రిగారు వాటిని మితిమీరి ఆరగించడం వల్ల ఒప్పందంపై సంతకం ఓ పూట ఆలస్యమైందని, పర్యటన మొత్తంలో ఆయన ప్రాణానికి కలిగిన ముప్పు ఇదొక్కటేనని రాశారు.